ఎడమకంటి గురి

మార్చి పదకొండు. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు.

గుడ్లు పంపింది పగటి గార్డు భార్య. పగటి గార్డు పెదాల మీద ఎప్పుడూ ఏదో ఒక ఈల ఉండేది కాబట్టి డిపోలో అందరూ అతన్ని ఈలగాడనే పిలిచేవారు. సాయంత్రం అతను డ్యూటీ దిగి రాత్రి గార్డు ఎక్కే ఆ కాసేపూ ఇద్దరూ గేటు పక్క గదిలో బల్ల మీద కూర్చుని, ఎవరింటి నుంచి ఏది వస్తే అది పంచుకుని తినడం అలవాటు. ఆ రోజు పాత పేపరు పరిచి దాని మీద పెంకులు ఒలిచారు. ఓ మూల కాస్త ఉప్పు, మిరియాలపొడి.

"బావా, నీ గుడ్డు నా గుడ్డు కన్నా పెద్దగా ఉందేంటి?" అన్నాడు ఈలగాడు.

"మా చెల్లెమ్మని అడుగు. అన్నయ్యంటే దానికి ప్రేమ."

"కట్టుకున్నవాడికి మాత్రం చితికిన గుడ్డు. రాసిపెట్టి ఉండాలి దేనికైనా."

ఇద్దరికీ రక్తసంబంధం ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఒకే గేటు కాశారు. మొదట్లో వేళాకోళానికి అన్న బావా అనే పిలుపు నాలుక మీద అలాగే ఉండిపోయింది. దాంతో ఈలగాడి భార్యకి రాత్రి గార్డు అన్నయ్య అయిపోయాడు.

ఊళ్ళో దుకాణాల డబ్బుపెట్టెలన్నీ వ్యాన్లలో వచ్చి చేరే డిపో అది. గేటుకి ఉన్నది ఒకే ఒక్క పిస్తోలు. అది పగలు ఒకరి నడుముకి, రాత్రి ఇంకొకరి నడుముకి ఉండేది. బెల్టుతో సహా చేతులు మారేది. పిస్తోలు దోపుకునే తోలుతొడుగు ఆ బెల్టుకి కుడివైపున కుట్టేసి ఉంది. ఈలగాడు సన్నగా ఉంటాడు కాబట్టి లోపలి బెజ్జానికి బిగించేవాడు, రాత్రి గార్డుకి చివరి బెజ్జం కూడా కష్టంగా సరిపోయేది.

"ఈ బెల్టుకి తెలిసినంతగా నీ పొట్ట సంగతి మా అక్కయ్యకి కూడా తెలీదు బావా," అని రోజూ అనే మాటే ఆ రోజూ అని, బెల్టు విప్పి ఇచ్చాడు.

రాత్రి గార్డు దాన్ని ఇంకా సర్దుకుంటూనే ఉన్నాడు. ఆఖరి వ్యాను లోపలికొచ్చింది. షట్టరు కిందికి దిగేలోగా దాని వెనకే ఇద్దరు దూరారు. ఒకడి చేతిలో తుపాకి ఉంది. ఈలగాడు ఒట్టి చేతులతో గది గుమ్మంలోంచి ఒక్క గెంతు గెంతి, "ఏయ్!" అని అరిచాడు. తుపాకి ఉన్నవాడు ఆ అరుపు వైపు తిరిగాడు. రాత్రి గార్డుకి వాడి పక్కటెముకలు తెరిచిన పుస్తకంలా కనిపించాయి. పిస్తోలు తీశాడు. రెండు చేతులా పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. పిస్తోలు వీపు మీద వెనక ఒక గాడి ఉంటుంది, మూతి దగ్గర ఒక మొన ఉంటుంది. గాడి నడుమ మొన నిలబడాలి, మొన మీద మనిషి నిలబడాలి. అన్నీ నిలబడ్డాయి. నొక్కాడు.

గుండు వాడి వెనక నుంచి, చొక్కా వీపుని మాత్రం చింపుకుంటూ పోయి షట్టరుకి తగిలింది. వాడు బెదిరి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళని కాల్చాడు. ఎదురుగా ఉన్నది ఈలగాడు.

రాత్రి గార్డు చేతిలోని పిస్తోలు సిమెంటు గచ్చు మీద పడింది. అతను బావమరిదిని పట్టుకున్నాడు. ఆ ఇద్దరూ ఒక్క పెట్టె కూడా ముట్టుకోకుండా పారిపోయారు, ఆ వారంలోనే దొరికారు కూడా. ఈలగాడికి ఏదైనా అనడానికి వ్యవధి లేకపోయింది. ఆ సాయంత్రం దేవుడు చూపించిన దయ ఏదన్నా ఉంటే అదే, అతనికి నొప్పి ఎక్కువసేపు లేదు.

*

అంత్యక్రియల నాడు ఈలగాడి తల్లి రాత్రి గార్డు దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది. అందరూ ఆవిడ తిడుతుందనుకున్నారు. ఆవిడ అతని కుడిచెయ్యి తీసుకుని, తిప్పి, అరచెయ్యి చూసి, మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది.

"ఈ చెయ్యేనా నాయనా, వణికింది?" అంది. తరవాత ఆ చేతిని ఒక వస్తువుని కింద పెట్టినట్టు వదిలేసింది.

ఆ మాట అతనిలో దిగబడిపోయింది. కంపెనీ అతన్ని డ్యూటీ నుంచి తప్పించి, విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమంది. డిపోలో లోడింగువాళ్ళు టీకొట్టు దగ్గర అనుకునే మాటలు ఇంటిదాకా వస్తూనే ఉన్నాయి. "అంత దగ్గర్లో మా అమ్మమ్మయినా కొట్టేది." "పొట్ట అడ్డమొచ్చిందేమో." వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఈలగాడంటే వాళ్ళకీ ఇష్టమే. కోపం ఎవరి మీదో ఒకరి మీద చూపించాలి కదా.

ఇంట్లో అతను గ్లాసు నిండా అంచుదాకా నీళ్ళు పోసి, చెయ్యి చాచి పట్టుకుని, గ్లాసు వంకే చూస్తూ నిలబడేవాడు. నీళ్ళు కదిలేవి కావు. ఇప్పుడు కదలకపోతే ఏం, అప్పుడు కదిలి ఉండొచ్చు. భార్య రెండు రోజులు చూసి ఊరుకుంది. మూడో రోజు వచ్చి ఆ గ్లాసు లాక్కుని, నీళ్ళు తనే తాగేసింది.

"నీ చెయ్యి వణకలేదు."

"నువ్వక్కడ లేవు."

"నీ దగ్గర ఉన్నాగా ఇన్నేళ్ళూ. పిల్ల పుట్టినప్పుడు బొడ్డు కోసిన నర్సు చెయ్యి వణికింది గాని దాన్ని ఎత్తుకున్న నీ చెయ్యి వణకలేదు."

అతనికి నవ్వొచ్చింది. ఆ నెలలో అదొక్కసారే. కాని ఆమె మాట నమ్మలేదు. భార్య అన్నాక అలాగే అంటుంది.

*

విచారణకి ముందు రోజు కంపెనీ అతన్ని ఫైరింగ్ రేంజికి పంపింది. ఇతను ఇక మీద ఆయుధం పట్టడానికి పనికొస్తాడా లేదా, రేంజి మాస్టారు చూసి చెప్పాలి. పోలీసులు తిరిగి ఇచ్చేసిన ఆ పిస్తోలే బల్ల మీద ఉంది.

మాస్టారు జీవితమంతా తుపాకుల పక్కన నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషి. తనకి వినబడదు కాబట్టి ఎవరికీ వినబడదనుకునేవాడు. మంచినీళ్ళు తాగుతావా అని అడిగినా కొట్టడానికొస్తున్నట్టే ఉండేది.

"ఏంటయ్యా ఆ మొహం! ఉరికంబం ఎక్కుతున్నావా? కాల్చు!"

కాల్చాడు. ఉన్న గుళ్ళన్నీ అయిపోయేదాకా కాల్చాడు. మాస్టారు అట్టబొమ్మని తీసుకొచ్చి బల్ల మీద పరిచాడు. రాత్రి గార్డు కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక చూస్తే, బొమ్మ గుండెల మీద ఒక్క బెజ్జం లేదు. అన్నీ అతనికి కుడివైపుగా, బొమ్మ భుజం పక్కన, జానెడు అవతల ఉన్నాయి.

"చూశారా," అన్నాడు చిన్నగా. "నా చెయ్యే."

"ఏంటీ?"

"నా చెయ్యే అంటున్నా మాస్టారూ! పోయింది!"

మాస్టారు ఆ మాట పట్టించుకోలేదు. టీ సాసరు తీసి బెజ్జాల మీద బోర్లించాడు. అన్నీ దాని కింద దాక్కున్నాయి. "వణికే చెయ్యి ఇలా కొట్టదు. చెల్లాచెదరుగా కొడుతుంది. ఇవి ఒకే గూట్లో పిట్టల్లా ఉన్నాయి. ఉండు." లోపలికెళ్ళి తన సొంత పిస్తోలు తెచ్చాడు. "దీంతో కొట్టు."

ఈసారి గుళ్ళన్నీ బొమ్మ గుండెల్లో దిగాయి.

రాత్రి గార్డు ఇసకబస్తా మీద కూలబడ్డాడు. అతను తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, తప్పిపోయి దొరికిన పిల్లని చూసినట్టు చూసుకున్నాడు.

మాస్టారు డిపో పిస్తోలుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, కళ్ళజోడు పైకి నెట్టి, ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా చూశాడు.

"వెనక గాడి కుడికి జరిగింది! వడ్లగింజ మందం! ఇక్కడ వడ్లగింజయితే అక్కడ జానెడవుతుంది! ఇదిగో, అంచు మీద సుత్తిదెబ్బ. గుడ్డ అడ్డం పెట్టి కొట్టినట్టున్నారు, జారింది. ఎవడయ్యా ఈ పని చేసిన..." అంటూ అంటూ ఆగిపోయాడు.

ఇద్దరికీ ఒకే మనిషి గుర్తుకొచ్చాడు.

ఫిబ్రవరిలో, ఏడాదికోసారి పెట్టే గురి పరీక్షలో ఈలగాడు తప్పాడు. అతని గుళ్ళన్నీ ఎడమకే పోయేవి. ఏళ్ళుగా ఏదో అంచున నెట్టుకొస్తున్నాడు గాని ఈసారి దూరం పెంచేసరికి బయటపడింది. మాస్టారు అతని రెండు అరచేతుల మధ్య చిన్న సందు పెట్టించి, అందులోంచి గోడ మీది గడియారాన్ని చూడమన్నాడు. కుడికన్ను మూసుకోమంటే గడియారం అక్కడే ఉంది. ఎడమకన్ను మూసుకోమనగానే మాయమైపోయింది. అంటే అతని కన్ను ఎడమది, చెయ్యి కుడిది. పిస్తోలు కుడికంటి ముందుకి వస్తుంది, చూపు ఎడమకంటి నుంచి పోతుంది, గుండు ఎడమకి కొట్టుకుపోతుంది.

"రోగం కాదది. లోకంలో బోలెడు మందికి ఉంటుంది," అన్నాడు మాస్టారు. "ఎడమచేత్తో కాల్చరా అన్నాను. బెల్టుకి తొడుగు కుడివైపు ఉంది మాస్టారూ, అది బావది కూడా అన్నాడు. సరే, గెడ్డం కుడిభుజం వైపు కాస్త తిప్పు, ఎడమకన్ను పిస్తోలు వెనక్కి వస్తుంది, రోజూ సాధన చెయ్యి, నెల తిరిగేసరికి అదే అలవాటవుతుంది అన్నాను. వాడికి నెలెక్కడుంది? మళ్ళీ పరీక్ష రెండు వారాల్లోనే. తప్పితే గేటు మీంచి తీసేస్తారు. ఆ పరీక్షలో దివ్యంగా కొట్టాడు. నా బోధన ఫలించిందనుకుని మురిసిపోయాను చూడు, వెర్రివెధవని!"

ఎడమకి పోయే గుళ్ళని దారికి తేవడానికి ఈలగాడు గాడిని కుడికి కొట్టాడు. అతని కంటికి సరిపోయింది. ఇంకెవరి కంటికైనా ఆ గుళ్ళు కుడికే పోతాయి. సాయంత్రం దాటితే ఆ పిస్తోలు ఇంకొకరి నడుముకే కదా ఉండేది.

అప్పుడు మాస్టారు, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పిస్తోలు గచ్చు మీద పడిందని పోలీసులు రాశారు. పడితే కూడా గాడి జరగొచ్చు. సుత్తి అని రాస్తే నువ్వు బయటపడతావు. కాని ఆయుధాన్ని చెడగొట్టినవాడి ఇంటివాళ్ళకి కంపెనీ పైసా ఇవ్వదు, క్వార్టరు కూడా ఖాళీ చేయిస్తుంది. పడినప్పుడు జరిగిందని రాస్తే, నువ్వు కాల్చినప్పుడు తుపాకి బాగానే ఉన్నట్టు. గురి తప్పింది నువ్వే అవుతావు. ఉద్యోగం పోతుంది, ఆ మాటా ఉండిపోతుంది. నా కంటికి సుత్తిలాగే ఉంది. కాని ఎవరూ కొట్టగా నేను చూడలేదు. రేపు పొద్దున వాళ్ళొచ్చేలోపు నువ్వొచ్చి ఏదో ఒకటి చెప్పు. అబద్ధం ఆడమని అనను. ఆడితే నేను పట్టుకోను."

*

ఈలగాడి క్వార్టరు డిపో వెనక వరసలో ఉంది. దారి పొడుగునా రాత్రి గార్డు చచ్చినవాణ్ణి తిడుతూనే నడిచాడు. ఒక్కమాట చెప్తే నీ సొమ్మేం పోయిందిరా. బావా, గాడి జరిపాను, నువ్వు కాస్త ఎడమకి కొట్టు అంటే సరిపోయేదిగా. రోజూ గుడ్డు తింటూ, రొట్టె తింటూ, లోకంలో కబుర్లన్నీ చెప్పావు గదరా, ఆ ఒక్కటీ చెప్పడానికి నోరు రాలేదా. వీధిలో ఎవరో పలకరించారు. అతనికి వినబడలేదు.

నిజం చెప్పేద్దామనే వెళ్ళాడు. రేపు నా మాట నేను చెప్పుకుంటాను, నన్ను క్షమించు అని ఆమెతో ముందే అనేస్తే మనసు తేలికవుతుందనుకున్నాడు.

ఆమె వంటింటి గట్టు దగ్గర గిన్నెలు తుడుస్తోంది. "రండి అన్నయ్యా," అని కుర్చీ లాగింది. లోపలి గదిలో అత్తగారు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"రేంజి నుంచి వస్తున్నాను చెల్లెమ్మా."

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. వెనక్కి తిరగలేదు.

"తెలిసిందా?" అంది.

అతను ఆమె లాగిన కుర్చీలో కూర్చున్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"ఇంట్లో సుత్తి పట్టుకెళ్ళినప్పుడు ఎందుకో తెలీలేదు. పరీక్ష అయిన సాయంత్రం ఇంటికొచ్చి ఎంత నవ్వారో. నా కన్ను మారదు, నా చెయ్యి మారదు, అందుకని తుపాకినే మార్చేశానే అన్నారు." ఆమె గొంతు లోపలి గదిదాకా వెళ్ళకుండా మాట్లాడుతోంది. "మరి అన్నయ్య పట్టుకుంటేనో అన్నాను. గేటు దగ్గర ఎవడు కాలుస్తాడే, ఇన్నేళ్ళలో ఒక్క గుండు పేలిందా అన్నారు. ఇంకోసారి పరీక్ష పెడతారేమో, కొన్నాళ్ళుండి మళ్ళీ వెనక్కి కొట్టేస్తానన్నారు. ఈలోగా అన్నయ్యకైనా చెప్పండి అన్నాను. రేపు చెప్తాలే అన్నారు. రోజూ రేపే. మీరు వెక్కిరిస్తారని సిగ్గు. మీ దగ్గర తక్కువైపోవడం ఒక్కటే ఆయనకి సిగ్గు."

"నెల రోజులుగా ఈ చెయ్యి నరుక్కుందామనిపించింది నాకు," అన్నాడు. "ఒక్కమాట నువ్వు..."

"మీ వీధి మలుపుదాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి తిరిగానో వదిన్ని అడగండి. ఒకసారి చూసింది కూడా." ఆమె ఇటు తిరిగింది. ఏడవడం లేదు. ఏడుపు అయిపోయిన మొహం అది. "మీరు చెప్తే నేను కాదనను అన్నయ్యా. ఎవరడిగినా అవుననే అంటాను. నా అంతట నేను వెళ్ళి చెప్పడానికి మాత్రం కాళ్ళు రావడం లేదు. ఈ ఇల్లు వదిలి ఈవిణ్ణి తీసుకుని ఎక్కడికెళ్ళను? తిట్టండి. కొట్టినా పడతాను."

కొళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. అతను లేచి దాన్ని గట్టిగా కట్టాడు. అక్కడే, ఆమె పక్కనే నిలబడ్డాడు. తిట్టడానికి దారంతా పోగేసుకొచ్చిన మాటలు ఈమె ముందు పెట్టడానికి ఒక్కటీ పనికిరాలేదు.

"రేపు పిస్తోలు కింద పడి గాడి జరిగిందనే చెప్తాను," అన్నాడు చివరికి.

ఆమె గట్టు అంచు పట్టుకుంది.

"నా కోసం ఒక్క పని చేసిపెట్టు. లోకంలో ఎవరికీ వద్దు. అమ్మకి మాత్రం చెప్పు. ఆవిడ ఒక్కర్తికీ తెలిస్తే చాలు నాకు."

ఆమె లోపలి గది వైపు చూసింది.

"చెప్తాను. మీరు అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాను," అంది. "కాని అన్నయ్యా, ఇప్పుడావిడ మిమ్మల్ని తిట్టుకుంటూ రెండు ముద్దలు తింటోంది. కొడుకు తన చావు తనే తెచ్చుకున్నాడని తెలిస్తే ఆ రెండూ తినదు."

రాత్రి గార్డు కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. ఇంతసేపూ చేసింది త్యాగం అనుకున్నాడు. అది బేరం అని అతనికి ఇప్పుడు తెలిసింది. ఆ బేరంలో తనకి రావలసిన ఒక్కటీ రాదని కూడా తెలిసింది.

"వద్దులే. తిట్టుకోనీ."

లోపలికెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "అమ్మా," అన్నాడు. ఆవిడ కదలలేదు. మెలకువగానే ఉందని ఊపిరి చెబుతోంది. ఎంతసేపు కూర్చున్నాడో, లేవబోతుంటే, ఆవిడ గోడ వైపు మొహం అలాగే ఉంచి, కోడల్ని కేకేసింది.

"ఆ మనిషి తిన్నాడో లేదో. అన్నం పెట్టి పంపించు."

అతనితో మాట్లాడలేదు. అతని పేరెత్తలేదు. కాని తిననివ్వమంది. అతనికి ఆ రాత్రికి అదే చాలా ఎక్కువ.

గుమ్మం ఇవతల కూర్చుని తిన్నాడు. సగంలో ఉండగా మంచం కిర్రుమంది. ఆవిడ ఇటు తిరిగింది. కళ్ళు అతని మొహం మీద లేవు, కుడిచేతి మీద ఉన్నాయి. కంచంలోంచి నోటికి, నోటి నుంచి కంచానికి ఆ చెయ్యి వెళ్ళి వస్తుంటే చూస్తోంది. దాన్ని ఎక్కడన్నా దాచుకోవాలనిపించింది అతనికి. దాచుకోలేదు. చూసినంతసేపూ చూడనిచ్చి, కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కున్నాడు.

రేపు పొద్దున్నే రేంజికి వెళ్ళాలి. మాస్టారు చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, కింద పడింది మాస్టారూ అని. చిన్నగా చెప్తే వినబడదు. ఆ తరవాత ఇంకెక్కడన్నా పని చూసుకోవాలి, తుపాకి అక్కర్లేని చోట. ఇంట్లో భార్యకి మాత్రం ఏమీ చెప్పక్కర్లేదు. చెయ్యి వణకలేదని ఆమె ముందే అంది.

ఈలగాడి భార్య గుమ్మందాకా వచ్చింది. ఏదో అనబోయింది.

"లోపలికెళ్ళు చెల్లెమ్మా. అమ్మకి కునుకు పడుతున్నట్టుంది," అన్నాడు.

అతను మెట్లు దిగాక ఆమె ఒక అరచెయ్యి తలుపుకి ఆనించి, రెండో చేత్తో గడియ చప్పుడు కాకుండా పట్టుకుని, నెమ్మదిగా తలుపు మూసింది.